పాలను మూరతో కొలవలేం: కంప్యూటర్ పనిలో ధర్మసంకటం వస్తే ఏ నీతిని పట్టుకోవాలి?

"మేడం, బెంథామ్ ప్రకారం చూస్తే ఇది తప్పు కాదు కదా?"

రాత్రి పదిన్నరకు ఫోన్ చేసి ఇలా అడిగిన కుర్రాడు నా దగ్గర చదువుకున్నవాడే. విజయనగరంలో ఇంజనీరింగ్ పిల్లలకు ప్రోగ్రామింగ్‌తో పాటు వృత్తి నీతి పేపరు కూడా నేనే చెప్తాను. ఎవరూ లెక్కచెయ్యని పేపరు అది. పరీక్ష ముందు రాత్రి చదివి, తత్వవేత్తలు బెంథామ్ మీద పేజీన్నర, కాంట్ మీద పేజీన్నర నింపి పాసైపోతారు. ఉద్యోగంలో చేరాక ఎప్పుడో ఒక రోజు ఆ పేజీన్నరతో పని పడుతుంది.

తను చేసిచ్చిన హాజరు మెషీన్ వల్ల కొందరికి కూలి పోతున్నా ఊరుకోవచ్చా అన్నది అతని ప్రశ్న, వివరం తర్వాత చెప్తాను. ఈ కుర్రాడు ఏం చెయ్యాలో ముందే నిర్ణయించేసుకున్నాడు. దాని మీద సంతకం పెట్టే పెద్దమనిషి ఒకడు కావాలంతే. 1832లో పోయిన బెంథామ్ గారు దొరికారు.

మా అమ్మమ్మగారి ఊళ్ళో ధాన్యానికి కుంచం, పాలకు సోల, పూలకు మూర ఉండేవి. వీటిలో ఏది గొప్ప కొలత అని ఎవరూ పోట్లాడుకోలేదు. కానీ కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు ఇంకో కుంచం వాడే షావుకారు ఒకాయన ఉండేవాడట. ఆయన పోయి నలభై ఏళ్ళయినా ఊళ్ళో ఆ పేరు ఇంకా తిట్టే. నీతి సిద్ధాంతాలతో మనం చేసే తప్పు కూడా చాలాసార్లు ఆ షావుకారు తప్పే. మనకు లాభం వచ్చేచోట ఫలితాలు లెక్కపెడతాం, నష్టం వచ్చేచోట హక్కులు గుర్తుచేస్తాం. అందుకని ఏ సరుకుకు ఏ కొలతో ముందు చూద్దాం. రెండు కుంచాలు పెట్టుకోకుండా ఉండటం ఎలాగో ఆ తర్వాత.

ఏ కొలత దేన్ని కొలుస్తుంది

బెంథామ్, ఆయన తర్వాత మిల్ చెప్పింది ఫలితాల లెక్క. ఎంతమందికి ఎంత మేలు, ఎంత కీడు, కూడికా తీసివేతా చేసి చూడు అంటారు. ఇంజనీర్లకు ఇది వెంటనే నచ్చుతుంది, అంకెలు కాబట్టి. పది లోపాల్లో ముందు ఏది సరిచెయ్యాలి, కొత్త వెర్షన్ ఈ రాత్రే వదలాలా వారం ఆగాలా, ఇలాంటి వాటికి దీన్ని మించింది లేదు. చిక్కు ఎక్కడంటే, ఆ లెక్క వేసేది మనమే. లెక్కకు అందేవి మాత్రమే కూడుతాం. పైగా మొత్తం పెద్దదైపోయాక, అందులో కొద్దిమందికి పడిన పెద్ద దెబ్బ కనపడకుండా పోతుంది.

కాంట్ ఇంకోలా అడుగుతాడు. ఎదుటి మనిషిని నీ పని జరగడానికి ఒక పనిముట్టులా మాత్రమే వాడుతున్నావా? నువ్వు చేసేది లోకంలో అందరూ చేస్తే నీకు సమ్మతమేనా? సమ్మతి, మోసం, నలభై పేజీల నిబంధనల కింద దాచిన షరతు, చెప్పకుండా తీసుకున్న కాంటాక్టు లిస్టు, వీటికి ఇదే కొలత. అయితే రెండు ధర్మాలు ఎదురెదురుగా నిలబడినప్పుడు కాంట్ మొండికేస్తాడు. హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగినా అబద్ధం చెప్పకూడదని 1797లో రాశాడు మహానుభావుడు. దీనికి మన దగ్గర జవాబు ఎప్పటినుంచో ఉంది. భారతంలో కౌశికుడు సత్యవ్రతుడు. దొంగలు తరుముకొస్తే అడవిలో దాక్కున్నవాళ్ళ జాడ, ఆ దొంగలు అడగ్గానే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వాళ్ళు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు. అర్జునుడు తన ప్రతిజ్ఞ కోసం ధర్మరాజు మీదికే కత్తి ఎత్తినప్పుడు కృష్ణుడు చెప్పిన కథ ఇది. డెలివరీ యాప్ కస్టమర్ కేర్‌లో పనిచేసే పిల్ల దగ్గరకు "నేను వాళ్ళన్నయ్యని, మా చెల్లి ఏ అడ్రస్‌లో ఉందో చెప్పండి" అని కాల్ వచ్చిన రోజున కౌశికుడి కథ తెలిసి ఉండటం మంచిది.

అమెరికా తత్వవేత్త రాల్స్ 1971లో చెప్పిన ఉపాయం వ్యవస్థలు కట్టేవాళ్ళ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఈ ఏర్పాటులో నువ్వు ఓనరువో, కూలివో, కళ్ళు కనపడని ముసలివాడివో నీకు తెలియకుండా ఒక తెర వేసుకుని నియమాలు రాయి అంటాడు. వేలమంది వాడే సాఫ్ట్‌వేర్‌కి ఇది బాగా పనికొస్తుంది. నువ్వూ నీ స్నేహితుడూ ఇద్దరే ఉన్న గొడవలో అంతగా పనిచెయ్యదు.

అరిస్టాటిల్ పని కన్నా మనిషిని చూస్తాడు. ఈ పని పదిసార్లు చేస్తే నువ్వు ఎలాంటివాడివి అవుతావు? నియమం లేనిచోట, ఎవరూ చూడనిచోట ఇది నిలబడుతుంది. సాయంత్రం ఐదింటికి బాస్‌కి ఏ మెయిల్ పెట్టాలో మాత్రం ఇది చెప్పదు. ఇక 1982లో కారల్ గిల్లిగన్ ముందుకు తెచ్చిన సంరక్షణ నీతి, నీ మీద ఆధారపడ్డవాళ్ళు ఎవరు అని అడుగుతుంది. ఇల్లు, ఆసుపత్రి, పిల్లలు, ముసలివాళ్ళు ఉన్నచోట మిగతా కొలతలకు అందనిది దీనికి అందుతుంది. కానీ ప్రేమ పేరుతో పెత్తనం చెయ్యడానికి దారి కూడా ఇదే. చివర్లో మా పెద్దమ్మ సంగతి చెప్తాను.

నాకు పనిలో ఎక్కువ ఉపయోగపడ్డవాడు వీళ్ళెవరూ కాదు, పరీక్షలో ఎవరూ అడగని డబ్ల్యూ.డి. రాస్. మనిషికి ఒకటి కాదు, చాలా బాధ్యతలున్నాయి అన్నాడు 1930లో. మాట నిలబెట్టుకోవడం, చేసిన నష్టం పూడ్చడం, కృతజ్ఞత, న్యాయం, మేలు చెయ్యడం, కీడు చెయ్యకపోవడం. వీటికి ముందే రాసిపెట్టిన వరస లేదు, సందర్భాన్ని బట్టి ఒకటి పైచేయి అవుతుంది. కాకపోతే మామూలుగా మేలు చెయ్యడం కన్నా కీడు చెయ్యకపోవడమే బరువైనది. నాకు నచ్చింది ఇంకో ముక్క. ఓడిపోయిన బాధ్యత మాయమైపోదు, అప్పులా మిగిలి ఉంటుంది.

జీడి బట్టీలో వేలిముద్ర

ఇక కుర్రాడి సంగతి. పలాసలో ఒక జీడిపప్పు యూనిట్ ఓనరు హాజరుకు వేలిముద్ర మెషీన్, దాన్నుంచి నేరుగా కూలి లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ కావాలన్నాడు. కుర్రాడు చేసిచ్చాడు. ఎనభై మంది పనివాళ్ళలో నలుగురికి ముద్ర పడటం లేదు. నలుగురూ వయసైన ఆడవాళ్ళే, ఏళ్ళ తరబడి పిక్కలు కొట్టినవాళ్ళు. పిక్క తొక్కలోంచి కారే జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది, వేళ్ళ మీద గీతలు నిలవవు. అంటే ఆ యూనిట్‌కి ఎక్కువ కాలం చాకిరీ చేసినవాళ్ళనే ఆ యూనిట్ మెషీన్ గుర్తుపట్టదు. రెండు నెలలుగా వాళ్ళకు అక్కడక్కడా పూట కూలి పోతోంది. అందులో ఒకామె కుర్రాడితో అందట, "ఏలి ముద్ర అరిగిపోనాది గానీ మనిసిని ఈడే ఉన్నాను గదా బాబూ" అని.

కుర్రాడి వాదన తీసిపారేసేది కాదు. పాత రిజిస్టర్ పద్ధతిలో మేస్త్రీ నచ్చనివాళ్ళకు పూటలు తగ్గించి రాసేవాడు. మెషీన్ వచ్చాక డెబ్భై ఆరు మందికి లెక్క సరిగ్గా, సమయానికి అందుతోంది. డెబ్భై ఆరు పెద్దదా, నాలుగు పెద్దదా? ఇంకో సంగతి అతను తర్వాత ఒప్పుకున్నాడు. "అంతా బాగుంది" అని ఓనరుకు రాసిస్తేనే అతనికి ఆఖరి వాయిదా డబ్బు వస్తుంది.

నేను అతనికి కాంట్‌ని చూపించలేదు. నీ బెంథామ్‌నే సరిగ్గా చదువు అన్నాను. ఓనరుకు మిగిలే వంద రూపాయలు, రోజు కూలి మీద బతికే మనిషికి పోయే వంద రూపాయలు ఒకటి కావు. ఉన్నవాడికి ఇంకో రూపాయి ఇచ్చే సుఖం తక్కువన్నది బెంథామ్‌కే తెలుసు. పైగా అతను పోల్చింది మెషీన్‌ని, మేస్త్రీ రిజిస్టర్‌ని. అసలు పోల్చాల్సింది మెషీన్ ఒక్కటే ఉన్న ఏర్పాటునీ, మెషీన్ పక్కన ఇంకో దారి ఉన్న ఏర్పాటునీ. మంచి ప్రత్యామ్నాయాన్ని బల్ల మీదికి రానివ్వకపోతే ఫలితాల లెక్కతో దేన్నైనా నెగ్గించొచ్చు. ఈ కొలత వాడేవాళ్ళు ముందు చూసుకోవలసింది అదే.

ఇంకో చోట నీతి దాక్కుని ఉంది, అతను దాన్ని టెక్నికల్ సెట్టింగ్ అనుకున్నాడు. ముద్ర ఎంత దగ్గరగా పోలితే ఒప్పుకోవాలి అనే అంకె అది. ఎక్కువ పెడితే అరిగిన వేళ్ళు బయట ఉండిపోతాయి. తగ్గిస్తే ఒకరి బదులు ఇంకొకరి ముద్ర పడిపోవచ్చు. రెండు రకాల తప్పుల్నీ ఒకేసారి సున్నా చెయ్యడం కుదరదు. ఓనరుకు రెండో తప్పంటే భయం, పనిచేసేవాళ్ళకు మొదటిది. ఆ అంకె ఎవరు పెట్టారు? కుర్రాడు, ఒక్కడే, ఓనరును మాత్రమే అడిగి. ఇక్కడ రాల్స్ తెర కావాలి. ఆ నలుగురిలో నువ్వొకడివి కావచ్చని తెలిస్తే ఆ అంకె ఎంత పెడతావు, మెషీన్ కాదన్నప్పుడు ఏం జరగాలని రాస్తావు?

తేలింది ఇది. ముద్ర పడనివాళ్ళకు కార్డు, కార్డు మర్చిపోతే ఇద్దరి సంతకంతో పుస్తకం. మెషీన్ కాదన్నంత మాత్రాన కూలి కోత పడకూడదు, మనిషి రాలేదని నిరూపించాల్సింది యూనిట్ వాళ్ళే. ఓనరు కార్డులకు ఒప్పుకున్నాడు. పోయిన రెండు నెలల పూటలకు మాత్రం డబ్బు ఇవ్వనన్నాడు. రాస్ చెప్పిన అప్పు అదే. కుర్రాడు తన ఆఖరి వాయిదాలోంచి కొంత ఆ నలుగురికి ఇచ్చాడు. ఇవ్వాల్సింది అతనొక్కడే కాదు అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కన్నం కనపడితే

మూడో ఏడాది చదివే అమ్మాయి ఒకతె ఒక ల్యాబ్ వెబ్‌సైట్‌లో వాళ్ళ నాన్నగారి రక్తపరీక్ష రిపోర్టు తెరిచింది. అడ్రసులో చివరి అంకె ఒకటి మార్చింది. ఇంకెవరిదో రిపోర్టు వచ్చింది. క్లాసు గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టబోతూ నన్నడిగింది, అదృష్టం.

ఇలాంటి చోట రెండు కొలతలు పంచుకోవాలి. ఏం చెయ్యకూడదో కాంట్‌ని అడుగు, ఎప్పుడు ఎవరికి చెప్పాలో ఫలితాల లెక్కను అడుగు. కన్నం ఉందని నిరూపించడానికి ఇంకో యాభై మంది రిపోర్టులు తెరవడం ఆ యాభై మందినీ పనిముట్లుగా వాడటమే. చట్టం కూడా ఊరుకోదు. 2000 నాటి ఐటీ చట్టంలో 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా చొరబడటం గురించి, దాన్నే దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. మంచి ఉద్దేశం అన్నది మన నోటిమాట, ఎవరు ఏం తెరిచారో రాసుకునే లాగ్‌లో కనపడేది యాభై రిపోర్టులు. కాబట్టి అక్కడితో ఆగి, తేదీ, సమయం రాసుకుని, ముందు ల్యాబ్‌కి, వాళ్ళు పట్టించుకోకపోతే కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్‌-ఇన్‌కి రాయాలి. బయటపెట్టే ముందు ఎంతకాలం ఆగాలన్నదే ఫలితాల ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి కన్నాలు వెతికే గూగుల్ ప్రాజెక్ట్ జీరో వాళ్ళు మామూలుగా 90 రోజులు గడువిస్తారు. రోగుల వివరాలు రోడ్డు మీద పడున్నప్పుడు అంత ఓపిక నాకుండదు, కానీ సరిచేసేవాడికి అసలు గడువే ఇవ్వకపోతే ముందు నష్టపోయేది ఆ రోగులే.

ఆ స్క్రీన్‌షాట్ ఎందుకు పెట్టాలనిపించిందో కూడా అడిగాను. "అందరూ వావ్ అంటారని మేడం" అంది. అరిస్టాటిల్ పాఠం నేను వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఉద్దానం లెక్కలు

అన్నిటికన్నా నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. ఉద్దానం అంటే శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల నేల. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకింత ఎక్కువో అందరూ ఒప్పుకున్న కారణం ఇంకా తేలలేదు. తాగే నీళ్ళు, ఎండలో చాకిరీ, పురుగుమందులు, లోహాలు, అన్నీ అనుమానాలే. కాబట్టి రోగుల లెక్కలు ఎంత వివరంగా ఉంటే అంత మంచిది. డేటా పనిచేసే పూర్వ విద్యార్థిని అడిగింది, "పేర్లు తీసేసి మిగతాదంతా బయట పెట్టెయ్యొచ్చా మేడం?"

పేరు తీసేస్తే మనిషి పోతాడా? జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది), పుట్టిన తేదీ, ఆడా మగా, ఈ మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతాన్ని విడిగా గుర్తించొచ్చని లతాన్యా స్వీనీ 2000లో లెక్కకట్టింది. మన పల్లెల్లో అంత లెక్క కూడా అక్కర్లేదు. నాలుగు వందల గడపల ఊళ్ళో 34 ఏళ్ళ ఆడమనిషి, డయాలసిస్ మీద ఉంది అంటే రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళు ఇంటి గుమ్మం చూపిస్తారు. ఆ ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉంటే తర్వాతి కథ ఎవరికి తెలియదు?

సరే, ఊరి పేరు తీసేసి మండలం మాత్రం ఉంచుదామా? అక్కడే మెలిక. కారణం నీళ్ళలోనో నేలలోనో ఉంటే అది ఊరికీ ఊరికీ, బావికీ బావికీ మారుతుంది. ఏ వివరం దాస్తే మనిషి భద్రంగా ఉంటాడో ఆ వివరంతోనే కారణం దొరకాలి. బెంథామ్ ఒకవైపు లాగుతాడు, కాంట్ ఇంకోవైపు.

సంతకం తీసుకుంటే చాలు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. డయాలసిస్ మంచం మీద ఉన్నప్పుడు డాక్టరు పక్కన నిలబడి కాగితం ఇస్తే వద్దనేవాళ్ళెవరు? 2023 డేటా రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చింది కావాలంటుంది, నోటీసును తెలుగులో కూడా చదువుకునే వీలివ్వాలంటుంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చారు. అవి కనీస గీతలు. ఆ గీత దాటాక కూడా ఈ మనుషులు మనల్ని నమ్ముకుని ఉన్నారన్నది మిగిలే ఉంటుంది. నా సలహా రెండు కాపీలు. అందరికీ ఇచ్చేదాంట్లో మండలం, పదేళ్ళ వయసు గుంపులు, పట్టికలో ఏ గడిలోనైనా మరీ కొద్దిమంది ఉంటే ఆ గడి ఖాళీ. ఊరు, బావి ఉన్న కాపీ పరిశోధకులకు మాత్రం, ఒప్పందం మీద, వాళ్ళ లాప్‌టాప్‌లోకి దిగకుండా. ఇందులోనూ లోపాలున్నాయి. తాళం ఎవరి దగ్గరుందో చూసే మనిషి ఉండాలి, ఆ మనిషి జీతం ఎవరూ బడ్జెట్లో రాయరు.

పైవాళ్ళు చెప్పారు

దీని మీద ఎక్కువ చెప్పడానికి లేదు. ఫోక్స్‌వాగన్ కార్లలో పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ పెట్టిన సంగతి 2015లో బయటపడింది. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల కార్లు. 2017లో అమెరికా కోర్టు ఒక ఇంజనీరుకు 40 నెలల జైలు వేసింది. పైవాళ్ళు చెప్తే చేశామన్న మాట అక్కడ నిలవలేదు. ఇలాంటిచోట ఈ సిద్ధాంతాలన్నీ ఒకే జవాబు చెప్తాయి కాబట్టి ఎంపిక సమస్య లేదు. ఉన్నదల్లా ఇంటి ఈఎంఐ సమస్య. "చెయ్యను" అనే ముందు ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంచుకోవడం కూడా నీతిలో భాగమే అని పిల్లలకు చెప్తాను. పాఠ్యపుస్తకంలో ఉండదది.

రెండో కుంచం పెట్టుకోకుండా

నేను పాటించే పద్ధతి చెప్తాను, మీకు నచ్చితే వాడండి. ఏ సిద్ధాంతం నాకు నష్టం వచ్చే జవాబు చెప్తోందో దాని మాట ముందు పూర్తిగా వింటాను. కుర్రాడికి ఆఖరి వాయిదా పోగొట్టేది రాల్స్ అయితే మొదట రాల్స్. అలాగని అదే గెలవాలని లేదు. కానీ దాన్ని కాదనడానికి నాకు కారణం కావాలి, ఆ కారణం నష్టపడే మనిషి ఎదురుగా నిలబడి చెప్పగలిగేది కావాలి.

తర్వాత చూసేది, వెనక్కి తీసుకోగలమా అన్నది. తప్పు బిల్లును మర్నాడు సరిచెయ్యొచ్చు, అక్కడ ఫలితాల లెక్కతో ధైర్యంగా ముందుకెళ్ళొచ్చు. బయటికి పోయిన రోగి వివరాలు మళ్ళీ లోపలికి రావు. థెరాక్-25 అనే రేడియేషన్ మెషీన్ 1985 నుంచి 1987 మధ్య ఆరుగురికి మోతాదు మించి రేడియేషన్ ఇచ్చింది, కొందరు చనిపోయారు. పాత మోడల్‌లో ఉన్న రక్షణ పరికరాలు తీసేసి ఆ పని సాఫ్ట్‌వేర్‌కి వదిలేశారు. అలాంటిచోట సగటు మేలు గురించి మాట్లాడేవాడిని నేను నమ్మను, కీడు చెయ్యకు అన్న రాస్ మాటే ముందు.

ఆ రెండూ అయ్యాక కూడా రెండు మూడు దారులు మిగిలితే అప్పుడు బెంథామ్‌ని పిలవండి. మిగిలిన దారుల్లో ఏది ఎక్కువ మేలో తేల్చడానికి ఆయన్ని మించినవాడు లేడు.

ఇక పెద్దమ్మ. చీపురుపల్లి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది, డెబ్భై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళ క్రితం పెరట్లో జారిపడి మూడు గంటలు అలాగే ఉంది. ఆమె కొడుకు, మా అన్నయ్య, చెన్నై నుంచి వచ్చి హాల్లో కెమెరా బిగించి వెళ్ళాడు, ఫోన్లో చూసుకోవచ్చని. సంరక్షణ నీతి ప్రకారం ఇంతకన్నా మంచి కొడుకు ఉండడు. ఆమెను అడిగావా అన్నాను. "అడిగితే వద్దంటుంది కదే" అన్నాడు. నిజమే, అంటుంది. పడిపోయిన మూడు గంటలు గుర్తొస్తే నాకూ గట్టిగా మాట రాలేదు.

ఈ మధ్య వెళ్ళినప్పుడు చూశాను. మధ్యాహ్నం భోజనమయ్యాక పెద్దమ్మ స్టూలు లాక్కుని, కర్రతో తువ్వాలు ఎత్తి కెమెరా మీద వేస్తుంది. నాలుగింటికి పక్కింటావిడ కబుర్లకు వచ్చేముందు తీసేస్తుంది. ఆ రెండు గంటలు ఏం చేస్తావు పెద్దమ్మా అంటే, "పడుకుంటానే, ఇంకేం చేస్తాను" అంది. అన్నయ్య ఫోన్లో ఆ రెండు గంటలూ తెల్లగా కనిపిస్తుంది. ఆయన అడగడు, ఆమె చెప్పదు. నాకు భయమల్లా ఆ స్టూలు గురించే. పోయిన నెల కెమెరాను చేతికందే ఎత్తుకు దింపించాను.